క్రిస్మస్ వారం ఆర్లాండో: ఈ రద్దీ క్యాలెండర్లని నమ్మొచ్చా?

ఎడిసన్_అల్లుడు:
అత్తయ్య మావయ్య ఇండియా నుంచి వచ్చారు, పిల్లలకి సెలవులు అప్పుడే, కాబట్టి డిస్నీకి క్రిస్మస్ వారమే వెళ్ళాలి, వేరే దారి లేదు. నెల రోజుల్నుంచి టూరింగ్ ప్లాన్స్ అనే వెబ్‌సైట్ వాళ్ళ రద్దీ క్యాలెండర్ చూస్తున్నా, రోజుకి 1 నుంచి 10 దాకా రద్దీ మార్కులేస్తారు కదా, దాన్నిబట్టి ఏ రోజు ఏ పార్కో ఎక్సెల్ షీట్ చేసేశా. మా ఆవిడ పంచాంగం పట్టుకుని కూర్చున్నావ్ అని ఒకటే నవ్వు. నేనేమంటానంటే ఇది జోస్యం కాదు, ఏళ్ళ తరబడి లెక్కలున్నాయి, ముందే చెప్పొచ్చు. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

సర్వదర్శనం_బ్యాచ్:
మీ ఆవిడే కరెక్ట్ అండీ 😄 జులై 4 తీసుకోండి, అంత పెద్ద సెలవు, కాలు పెట్టే చోటుండదనుకుంటాం. ఆ రోజు ఆర్లాండో డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సగటు వెయిటింగ్ 2019లో 47 నిమిషాలు, 2022లో 31, 2023లో 27. మీరు నమ్మే టూరింగ్ ప్లాన్స్ లెక్కలే, పేపర్లో కూడా వచ్చాయి. రద్దీ అని అందరూ భయపడి మానేస్తే ఖాళీ, ఖాళీ అని అందరూ చదివి ఎగబడితే రద్దీ. చెప్పిన జోస్యాన్ని చెప్పినందుకే జనం తప్పు చేసేస్తారు, ఇంక దాన్ని లెక్క అంటే ఎలా?

డాలస్_గోదారోడు:
అయ్యా జులై వేరు డిసెంబర్ వేరు. జులైలో ఫ్లోరిడా ఎండకి, సాయంత్రం వానకి జడిసి మానేసేవాళ్ళుంటారు, పైగా వేసవి సెలవులు రెండు నెలలు, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా దేశమంతటికీ ఒకేసారి సెలవు, తప్పించుకునేదెక్కడ? ఇంకోటి, బయటి క్యాలెండర్లెందుకు అసలు, 2018 అక్టోబర్ నుంచి డిస్నీ టికెట్ రేటు తేదీని బట్టి మారుతోంది కదా. ఏ రోజు ఎంతమంది వస్తారో వాళ్ళకంటే ఎవరికి తెలుసు, ఆ అంచనానే రేటుగా బోర్డు మీద పెట్టారు. రేటు చూస్కోండి, రద్దీ తెలిసిపోద్ది. ఫ్రీ క్యాలెండర్ 😀

సర్వదర్శనం_బ్యాచ్:
రేటు పెంచేదే జనాన్ని పక్క రోజుకి తోలడానికి గోదారోడు గారూ. తోలాక పక్క రోజు నిండదా మరి?

పాలమూరు_పిల్ల:
మీరిద్దరు ఎంతమంది వస్తరు అనే దాని మీదనే కొట్లాడుతున్నరు, లైన్ల ఎంతసేపు నిలబడాలె అన్నది వేరే ముచ్చట. జనం తక్కువుంటరని ముందే తెలిస్తే పార్కోళ్ళు మనుషులను తగ్గిస్తరు, కొన్ని రైడ్లకు బండ్లు తక్కువ తిప్పుతరు, లైను మాత్రం గంతే ఉంటది. అండ్ల ఒక పెద్ద రైడు మధ్యాహ్నం ఆగిపోయిందనుకోండి, ఆ జనమంత పక్క రైడ్ల మీద పడ్తరు, గది ఏ క్యాలెండర్ చెప్తది? ఇంగ లైట్నింగ్ లేన్ కథ. పైసలు కట్టినోళ్ళ లైనూ మామూలు లైనూ కలిసే కాడ ముందుగాల పైసలోళ్ళనే ఎక్కువ పంపిస్తరు, మనం చూస్తనే ఉంటం. రైడును బట్టి కూడ ఉంటది, హాంటెడ్ మాన్షన్‌ల బండ్లు ఆగకుండ తిరుగుతనే ఉంటయి, లైను ఎంత పొడుగున్నా కదుల్తది. పీటర్ పాన్ లైను చూడనీకి చిన్నగనే ఉంటది, నిలబడితే కాళ్ళు గుంజుతయి.

తిరుపతి_టు_టాంపా:
పాలమూరక్క చెప్పింది మావూళ్ళో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. 300 రూపాయల దర్శనమోళ్ళు ఒకపక్క, సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లు ఒకపక్క, ఎవుర్ని ఎప్పుడు వదుల్తారనే దాన్నిబట్టే మన టైము. కానీ ముందే చెప్పలేమంటే నేనొప్పుకోను. పెరటాసి శనివారాలు కొండమీద ఎట్టుంటాదో మాకు తెలుసు, అది తమిళోళ్ళ నెల, మన క్యాలెండర్ చూసుకోని సెలవు లేదు కదా అని పోతే బుక్కయిపోతారు. మన సెలవులు కాదబ్బా, పక్కోళ్ళ సెలవులు తెలుసుండాల. ఆర్లాండోలో కూడా నవంబర్ మొదట్లో ఉన్నట్టుండి జనం, ఎందుకురా అంటే న్యూజెర్సీ టీచర్ల మహాసభకి అక్కడ స్కూళ్ళు మూసేస్తారు, దాన్ని జెర్సీ వీక్ అనే అంటారు.

ఎడిసన్_అల్లుడు:
అది మా ఊరి జనమే, ఒప్పుకుంటున్నా 🙈 మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలు.

కూకట్‌పల్లి_కుర్రాడు:
అమెరికా ఎందుకు బ్రో, నేను ఒకసారి సంక్రాంతికి హైదరాబాద్‌లో ఓ పార్కుకెళ్ళా, పేరొద్దులే. సిటీ అంతా ఊళ్ళకి పోయింది, రోడ్లన్నీ ఖాళీ, ఇంక రాజ్యం మనదే అనుకున్నా. ఊళ్ళకి పోనోళ్ళంతా నాలాగే అనుకున్నారని లోపలికెళ్ళాక తెలిసింది. రెండు రైడ్లు ఎక్కి వచ్చేశా.

సర్వదర్శనం_బ్యాచ్:
హహ, నేను మొదట్నుంచీ మొత్తుకునేది అదే కదా.

డాలస్_గోదారోడు:
ఆ తమ్ముడు క్యాలెండర్ చూసెళ్ళలేదు, ట్రాఫిక్ చూసెళ్ళాడు. రోడ్డు ఖాళీకీ లైను ఖాళీకీ సంబంధమేంటి.

పాలమూరు_పిల్ల:
సరే ఒక మాట చెప్త అల్లుడన్నా, మేం రెండుసార్లు పోయినం. ఏ రోజు అన్నది ఇడిసిపెట్టు, నీ వారంల అన్ని రోజులు పెద్ద మార్కులే ఉంటయి, వాటిల ఏరుకునేదేముంది. వేరే టికెట్ పెట్టి రాత్రిపూట చేసే క్రిస్మస్ పార్టీ ఉన్న రోజు మ్యాజిక్ కింగ్‌డమ్ మామూలు టికెట్టోళ్ళకు 6 గంటలకే మూస్తరు, అందుకే పగలు జనం పల్చగుంటరు అని చెప్పెటోళ్ళు ఉంటరు, నిజమే గాని ఆ పార్టీలు పండుగకు ముందే అయిపోతయి, నీకు పనికిరాదు. ఏ గంటకు ఏం చేయాలె అన్నది మాత్రం చెప్పొచ్చు, రోజు మారినా గది పెద్దగ మారదు. పొద్దుగాల మొదటి గంట, పరేడ్ టైము, మూసే ముందట. మూసే టైముకు రెండు నిమిషాల ముందు లైన్ల నిలబడ్డా రైడు ఎక్కిస్తరు. డిస్నీ హోటల్ల దిగితే అరగంట ముందుగాల లోపలికి పంపిస్తరు, లైట్నింగ్ లేన్ గూడ 7 రోజుల ముందు దొరుకుతది, బయట దిగినోళ్ళకు 3 రోజులే. ఎక్సెల్ షీట్ల తేదీలు తీసేసి గంటలు పెట్టు.

ఎడిసన్_అల్లుడు:
హోటల్ బయట బుక్ చేశానక్కా, అదీ నాన్ రిఫండబుల్ 😩 అయినా ఒక రోజుకీ ఇంకో రోజుకీ తేడా లేదంటే నేనొప్పుకోను, తిరిగొచ్చాక ప్రతి రైడూ బోర్డు మీద ఎంతుంది, మేం నిజంగా ఎంతసేపు నిలబడ్డాం అని రాసుకొచ్చి ఇక్కడే పెడతా, అప్పుడు చూద్దాం. ఈలోపు ఒకటి చెప్పండి, అత్తయ్య పులిహోర కలిపి తెస్తానంటోంది, లోపలికి రానిస్తారా?

తిరుపతి_టు_టాంపా:
రానిస్తారు సామీ, గాజు సీసాలే వద్దంటారు. ఆవకాయ డబ్బాలో ఏసుకోని పో.