డెబియన్ 12 నెట్‌వర్క్ ఇన్‌స్టాల్: సగం సిస్టమ్‌లు మధ్యలోనే ఆగిపోతున్నాయి

ల్యాబ్_అసిస్టెంట్:
కాలేజీ ల్యాబ్‌లో 24 సిస్టమ్‌లకి పీఎక్స్ఈ బూట్‌తో (నెట్‌వర్క్ నుంచే బూట్ చేయడం) డెబియన్ 12 లినక్స్ ఎక్కిస్తున్నాను, ఇన్‌స్టాలర్ ప్రశ్నలకి ముందే జవాబులు రాసిపెట్టిన ప్రీసీడ్ ఫైల్ వెబ్ సర్వర్‌లో ఉంది. పాత స్విచ్ మీదున్న 12 చెయ్యి పెట్టకుండానే పూర్తయ్యాయి. కొత్త మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగలిగే) స్విచ్‌కి కలిపిన 12 మాత్రం కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ (ఇన్‌స్టాలర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్ళు) చక్కగా దించుకుని, ఆ తర్వాత ‘నెట్‌వర్క్ ఆటోకాన్ఫిగరేషన్ ఫెయిల్డ్’ అని నిలబడిపోతున్నాయి. ప్రీసీడ్‌లో డీహెచ్‌సీపీ (సిస్టమ్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చే సర్వీసు) టైమవుట్ 60 సెకన్లు పెట్టినా అంతే. సోమవారం ప్రాక్టికల్స్, చాలా టెన్షన్‌గా ఉంది.

పెంగ్విన్_బాబాయ్:
లాన్ కార్డు ఫర్మ్‌వేర్ (కార్డు పనిచేయడానికి దానిలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) చూశావా? డెబియన్ 12 ఐఎస్ఓలో ఫర్మ్‌వేర్ వస్తుంది కానీ నెట్‌బూట్ ఇనిట్‌ఆర్‌డీలో ఉండదు, మనమే కలపాలి. ఆల్ట్ ఎఫ్4 నొక్కితే లాగ్ కనిపిస్తుంది.

ల్యాబ్_అసిస్టెంట్:
అన్నీ ఒకే మోడల్ బాబాయ్, లాగ్‌లో ఫర్మ్‌వేర్ ఊసే లేదు. ఇంకొకటి, ఎంటర్ కొట్టి మళ్ళీ ట్రై చేయమంటే వెంటనే ఐపీ వచ్చేస్తోంది!

కేబుల్_రాజు:
అయితే స్విచ్‌లో స్పానింగ్ ట్రీయే (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసే ఏర్పాటు) తమ్ముడూ. కెర్నల్ డ్రైవర్ లోడయ్యేటప్పుడు కార్డు లింక్ ఒకసారి పడి లేస్తుంది, అప్పుడు స్విచ్ ఆ పోర్ట్‌ని 15 సెకన్లు లిజనింగ్‌లో, ఇంకో 15 లెర్నింగ్‌లో ఉంచుతుంది, ఆ అర నిమిషం డీహెచ్‌సీపీ అడిగినా జవాబు రాదు. పీఎక్స్ఈ 4, 8, 16, 32 సెకన్లు ఆగి ఆగి అడుగుతుంది కాబట్టి అది గట్టెక్కింది. నువ్వు పెట్టిన 60 పనిచేయకపోవడానికి కారణం వేరే, నెట్‌వర్క్ వచ్చాకే కదా ప్రీసీడ్ ఫైల్ దిగేది! ఆ టైమవుట్‌ని బూట్ మెనూలో కెర్నల్ లైన్‌లోనే రాయాలి. అసలు మందు మాత్రం పోర్ట్‌ఫాస్ట్ (ఆ అర నిమిషం ఆగకుండా పోర్ట్‌ని వెంటనే తెరిచే సెట్టింగ్), సిస్టమ్‌లు ఉన్న పోర్ట్‌లకే పెట్టు, ఇంకో స్విచ్‌కి వెళ్ళే పోర్ట్‌ని దయచేసి ముట్టుకోకు, లూప్ పడితే నెట్‌వర్క్ మొత్తం కూలుతుంది.

ల్యాబ్_అసిస్టెంట్:
స్విచ్ దగ్గరే కూర్చుని చూశాను, లింక్ లేవగానే పోర్ట్ లైటు ఆరెంజ్‌లో ఉండిపోయి సుమారు 30 సెకన్లకి పచ్చగా మారుతోంది, స్క్రీన్ మీద మెసేజ్ అంతకుముందే వచ్చేస్తోంది. పోర్ట్‌ఫాస్ట్ పెట్టాక లైటు వెంటనే పచ్చబడింది. 12 సిస్టమ్‌లూ ఇప్పుడు పార్టిషన్ల దగ్గరున్నాయి. చాలా థాంక్స్ అన్నా, టైమవుట్ కూడా కెర్నల్ లైన్‌లోకి మార్చేశాను.