అప్‌డేట్: కారులో పడుకుంటున్న అంకుల్‌కి ఇల్లు దొరికింది

కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మాకు తెలిసిన తెలుగు అంకుల్ ఒకాయన అద్దె కట్టలేక కారులోనే ఉంటున్నారని, షుగర్ పేషెంట్ అని, ఇన్సూరెన్స్ అంటే మెడికాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి కాలిఫోర్నియా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) తప్ప ఇంకేమీ లేదని, ఎవరిని అడగాలని ఇక్కడ రాశాను కదా. చాలామంది సలహాలిచ్చారు, థాంక్స్. "మెడికాల్ ప్లాన్ కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసి కమ్యూనిటీ సపోర్ట్స్ అడగండి" అన్న సలహానే పనిచేసింది.

కమ్యూనిటీ సపోర్ట్స్ అంటే, మెడికాల్‌ని మెరుగుపరచడానికి తెచ్చిన కాల్‌ఎయిమ్ అనే కార్యక్రమం కింద 2022లో కాలిఫోర్నియా మొదలుపెట్టిన సేవలు. ఆరోగ్య బీమా డబ్బుతో ఇల్లు వెతికిపెట్టే మనిషిని ఇస్తారంటే నేను మొదట నమ్మలేదు. మొదట ఫోనెత్తినావిడకీ తెలిసినట్టు లేదు, వేరే విభాగానికి తిప్పింది. చివరికి హౌసింగ్ నావిగేటర్, అంటే ఇల్లు వెతికిపెట్టే ఆవిడ, వచ్చారు. అంకుల్ సోషల్ సెక్యూరిటీ కార్డు ఎప్పుడో పోయింది. కొత్తదానికి అప్లై చేయించి, ఐడీ, ఆదాయం కాగితాలు ఒక నీలం ఫైల్లో సర్ది, ఓనర్లతో ఆవిడే మాట్లాడారు.

డిపాజిట్, కరెంటు కనెక్షన్ ఖర్చు ఆయన మెడికాల్ సేవలు నడిపే ఇన్సూరెన్స్ ప్లానే కట్టింది. నెలనెలా అద్దె మాత్రం కట్టదు, అది ఆయన పెన్షన్‌లోంచే. ఆరు నెలల వరకు అద్దె ఇచ్చే ట్రాన్సిషనల్ రెంట్ కూడా ఉంది కానీ, అది ముఖ్యంగా మానసిక ఆరోగ్య సమస్యలు, వ్యసనాలు ఉన్నవాళ్లకి.

ఇన్సులిన్ ఇప్పుడు ఐస్ బాక్సులో కాదు, ఫ్రిజ్‌లో ఉంది. ఓనర్‌తో పేచీ వస్తే చూసుకోవడానికి ఆ ప్రోగ్రామ్ మనిషి ఇంకా ఫోన్ చేస్తూనే ఉంటారు. అన్ని ప్లాన్లలో అన్ని సేవలూ ఉండకపోవచ్చు, అడిగే తెలుసుకోవాలి.