దిగుడు రోడ్డులో బ్రేక్ పెడల్ ఎందుకు మెత్తబడుతుంది?

ప్రశ్న: 72 కి.మీ. వేగంలో కారును ఒకసారి ఆపితే ఏమీ కాదు. అదే పొడవాటి దిగుడులో పెడల్ లోపలికి దిగిపోతోంది. ఆ శక్తంతా ఎక్కడికి పోతోంది?

జవాబు 1: రాపిడి వల్ల వేడిగా మారి బ్రేక్ డిస్కుల్లోకి. 1000 కిలోల కారుకు ఆ వేగంలో గతిశక్తి 200 కిలోజౌళ్లు. ఇనుప డిస్కులన్నీ కలిపి 20 కిలోలనుకుంటే పెరిగేది దాదాపు 22 డిగ్రీలే. కానీ 300 మీటర్ల ఎత్తు దిగితే స్థితిశక్తి 2,940 కిలోజౌళ్లు! గాలికి చల్లారకపోతే పెరిగేది దాదాపు 320 డిగ్రీలు.

జవాబు 2: లెక్క సరే. పెడల్ మెత్తబడేది మాత్రం ఆ వేడికి బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రాల బ్రేకులకు చేర్చే ద్రవం) మరిగి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. కొత్త డాట్ 3 రకం ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు; తేమ పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. పాతదైతే ముందు అది మార్చండి.

జవాబు 3: దిగుడు మొదలవకముందే రెండో గేరులోకి రండి, క్లచ్ నొక్కకండి. ఇంజిన్ కొంత శక్తిని తీసుకుంటుంది.