ఉద్యోగాలిప్పించే సంస్థకి యాప్ ఉంచాలా, తీసేసి సైటొక్కటే బాగుచెయ్యాలా?

కృష్ణలంక_డెవ్
విజయవాడలో ఉండి, పైసా తీసుకోకుండా ఉద్యోగాలు చూపించే ఒక స్వచ్ఛంద సంస్థ సంగతి. వచ్చేవాళ్లు ఎక్కువగా ఎన్టీఆర్, గుంటూరు, పల్నాడు జిల్లాల టెన్త్, ఇంటర్, ఐటీఐ పిల్లలు. సైటు పాతది, ఫోన్‌లో తెరిస్తే రెండు వేళ్లతో సాగదీసి చదవాలి. యాప్ ఇంకా పాతది. రెండూ కొత్తగా కట్టాలని ఉంది గానీ డబ్బు ఒక్క డెవలపర్‌కే సరిపోతుంది. యాప్ తీసేసి, ఫోన్‌లో ఐకాన్‌లా పెట్టుకునేలా సైటునే (పీడబ్ల్యూఏ) కట్టి, కబుర్లన్నీ వాట్సాప్‌లో పంపితే చాలని నా వాదన. "యాప్ లేకపోతే ఎవరు నమ్ముతారు" అని కమిటీలో సగం మంది. మీరేమంటారు?

బ్రాడీపేట_4బై14
తీసేయండి. యాప్ కట్టడం ఒక ఎత్తు, ఏటా దాన్ని బతికించుకోవడం ఇంకో ఎత్తు. ప్లే స్టోర్ ఏడాదికోసారి టార్గెట్ ఏపీఐ (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు కట్టారో చెప్పే నంబరు) పెంచుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌కైనా అప్‌డేట్‌కైనా ఏపీఐ 35, అంటే ఆండ్రాయిడ్ 15 ఉండాలి. మీ పాత యాప్ 34 కన్నా కింద ఉంటే, కొత్త ఫోన్ కొన్న పిల్లాడికి స్టోర్‌లో కనిపించనే కనిపించదు. ఏపీఐ పెంచబోతే పాత లైబ్రరీ ఒకటి విరుగుతుంది, దాన్ని మారిస్తే ఇంకో నాలుగు. దానికి తోడు డేటా సేఫ్టీ ఫారం, ప్రైవసీ పాలసీ, ఖాతా తీసేయమని అడగడానికి యాప్‌లో ఒక దారి, వెబ్‌లో ఒక లింకు. సంస్థ పేరుతో డెవలపర్ ఖాతా కావాలంటే డి-యు-ఎన్-ఎస్ నంబరు (సంస్థని గుర్తించే నంబరు) తెచ్చుకోవాలి. అదెందుకని వ్యక్తి పేరుతో కొత్త ఖాతా తీసుకుంటే, ముందు 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు నడిపి చూపించాలి.

ఇంత చేసినా ఉద్యోగం దొరికిన మర్నాడే అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. చెయ్యాలి కూడా. ఫోన్‌లో చోటెక్కడిది?

పటమట_యూఎక్స్
బ్రాడీపేట గారూ, ఖర్చు వైపే చూస్తున్నారు. ప్లే స్టోర్‌లో మీ పేరు ఖాళీ అయితే ఆ చోటు ఖాళీగా ఉండదు. అదే పేరుకి చివర "జాబ్స్" తగిలించి ఇంకెవడో పెడతాడు, "రిజిస్ట్రేషన్ ఫీజు 500" అంటాడు. ఉచితంగా పనిచేసే సంస్థకి ఇంతకన్నా చెడ్డపేరు ఉండదు.

రెండోది, "హోమ్ స్క్రీన్‌కి జోడించండి" అన్న మాట మన పిల్లలు నొక్కరు. అదేంటో తెలీదు. ఐఫోన్‌లో అయితే 16.4 వెర్షన్ నుంచే వెబ్ నోటిఫికేషన్ వస్తోంది, అదీ హోమ్ స్క్రీన్‌కి పెట్టుకుంటేనే. సగం నింపిన రెజ్యూమె బ్రౌజర్ డేటా క్లియర్ చేస్తే పోతుంది.

బ్రాడీపేట_4బై14
నకిలీల భయం న్యాయమే, ఒప్పుకుంటాను. నోటిఫికేషన్ సంగతి మాత్రం కాదు. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్ కూడా అనుమతి అడగాలి. ఇచ్చినా, కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌ని చంపేస్తాయి, ఇంటర్వ్యూ అయిపోయాక కబురు మోగుతుంది. రెజ్యూమెకి మందు సర్వర్‌లో డ్రాఫ్ట్ దాచడం. ప్రతి గడి నింపగానే సేవ్ అవ్వాలి, చివర్లో ఒక్క బటన్ మీద ఆధారపడకూడదు.

ఆటోనగర్_హెచ్ఆర్
యాప్, సైటు అని కొట్టుకుంటున్నారు గానీ మనిషి మోసపోయేది జీతం గీత దగ్గర. "జీతం 16,000" అని సైటులో ఉద్యోగం కార్డు మీద పెడతారు. లోపల లెక్క ఇలా ఉంటుంది. అసలు వేతనం 14,000. యజమాని కట్టే పీఎఫ్ 12 శాతం 1,680, ఈఎస్ఐ 3.25 శాతం 455 కలిపి 16,135 చూపిస్తాడు. పిల్లాడి వాటా కింద పీఎఫ్ 1,680, ఈఎస్ఐ 0.75 శాతం 105 కోస్తే చేతికొచ్చేది 12,215. మొదటి జీతం చూసుకుని పదకొండో తారీఖున మానేస్తాడు. తప్పు పిల్లాడిది కాదు, మీ ఫారంలో జీతానికి ఒకే గడి ఉండటం.

ఆ గడిని ముక్కలు చేయండి. స్థూల జీతం, కోతలు, చేతికి వచ్చేది, ఓటీ గంటకి ఎంత, భోజనం, గది. కార్డు మీద పెద్దక్షరాల్లో "చేతికి" అన్నదే కనపడాలి. అది నింపని కంపెనీ పోస్టు ప్రచురణకి వెళ్లకూడదు. యజమానులు గొణుగుతారు, గొణగనీండి.

షిఫ్టు కూడా అంతే. "రొటేషనల్" అంటే ఎవరికీ అర్థం కాదు, "2 నుంచి 10" అని రాయాలి. దూరం ఫిల్టర్ గురించి ఒక మాట. గీత గీసినట్టు కిలోమీటర్లు లెక్కేస్తే సీతానగరంలో ఉన్న ఫ్యాక్టరీ కృష్ణలంకకి పక్కనే చూపిస్తుంది. మధ్యలో కృష్ణమ్మ ఉంది కదండీ, బ్యారేజీ మీదుగానో వారధి మీదుగానో తిరిగి రావాలి. దగ్గర్లోని బస్ స్టాపు పేరు, షిఫ్టు అయ్యాక చివరి బస్సు వేళ, ఈ రెండూ అడగండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్‌కి డబ్బు లేదు, కాబట్టి వాళ్లకి అడ్డం ఛార్జీ కాదు, రాత్రి పదికి బస్సుందా లేదా అన్నదే.

కృష్ణలంక_డెవ్
జీతం గడి మాట నూటికి నూరుపాళ్లు తీసుకుంటున్నాను. మరి కబుర్లు ఎలా పంపాలి? ఇప్పుడు తెలుగు ఎస్సెమ్మెస్ పంపుతున్నారు, బిల్లు ఎక్కువొస్తోందని గోల.

బ్రాడీపేట_4బై14
రాక ఏం చేస్తుంది! తెలుగు ఎస్సెమ్మెస్ ఒక ముక్కకి 70 క్యారెక్టర్లు. దాటితే ముక్కకి 67 చొప్పున కోసి, ఒక్కో ముక్కకీ వసూలు చేస్తారు. "ఇంటర్వ్యూ" కంటికి మూడక్షరాలు, లెక్కలో తొమ్మిది, పొల్లు విడిగా, వత్తు విడిగా, గుణింతం విడిగా. పైగా డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌ల కోసం టెలికాం కంపెనీలు నడిపే రిజిస్టరు) మెసేజ్ టెంప్లేట్, అంటే నమూనా, రిజిస్టరు చేయాలి, 2024 అక్టోబరు 1 నుంచి వైట్‌లిస్టులో (ముందే ఒప్పుకున్న లింకుల జాబితా) లేని లింకుంటే మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. లింకు మార్చిన రోజున ఇది మర్చిపోతారు, అందరూ మర్చిపోతారు.

వాట్సాప్‌లో కిటుకు ఏంటంటే, మొదటి మాట అభ్యర్థి చేత పంపించాలి. అక్కణ్ణుంచి 24 గంటల కిటికీ తెరుచుకుంటుంది, అందులో మీ జవాబులకి రుసుము లేదు. అందుకే ప్రతి కార్డు కింద "వాట్సాప్‌లో అడగండి" బటన్, నొక్కగానే ఆ ఉద్యోగం నంబరు ముందే రాసి ఉండాలి. "కొత్త ఉద్యోగాలొచ్చాయి" అని మీరు ముందుగా పంపేది మార్కెటింగ్ కింద పడే అవకాశం ఎక్కువ. దానికి ధరా ఎక్కువే, అందరికీ చేరుతుందన్న నమ్మకమూ లేదు.

గుంటూరు_క్యూఏ
యాప్ ఉన్నా లేకున్నా వచ్చే తెలుగు జబ్బులు చెప్తాను, ఇవి ఎవరూ పరీక్షించరు.

వెతుకులాట. మీ సంస్థ కౌన్సిలర్ (పిల్లలకి సలహా చెప్పి వివరాలు ఎక్కించే మనిషి) "ఫోర్క్‌లిఫ్ట్" అని ఎక్కించాడు, మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది. పిల్లాడు అది లేకుండా "ఫోర్క్లిఫ్ట్" కొట్టాడు. సున్నా ఫలితాలు. ఇండెక్స్‌లోనూ, వెతికే మాటలోనూ ఆ గుర్తు తీసేసి పోల్చాలి. తెర మీద చూపించేటప్పుడు మాత్రం తీయకూడదు, అక్షరాలు అతుక్కుపోతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లకి ఒక పర్యాయపదాల పట్టిక వేరే ఉండాలి.

అక్షరాలు. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది, వేరే ఫాంటు దింపి పేజీ బరువు పెంచొద్దు. లైన్ ఎత్తు 1.6కి తగ్గితే కింద వత్తులు తెగుతాయి. బటన్ ఎత్తు బిగించి పెడితే "ఇంటర్వ్యూ"లో 'య' వత్తు మాయం. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ చూడండి.

కంపెనీలు డీటీపీ సెంటర్లో 'అను' ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) చేయించిన పోస్టర్లు పంపుతాయి. అందులోంచి కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదంటే మళ్లీ టైపు చేయాలి, బొమ్మగా పెట్టేస్తే గూగుల్‌కీ దొరకదు, చూపులేనివాళ్ల స్క్రీన్ రీడరూ చదవదు.

ఇంకోటి, అక్కాతమ్ముళ్లిద్దరికీ ఒకే ఫోన్. మొబైల్ నంబరుకి ఒకే ఖాతా అని డేటాబేస్‌లో బిగిస్తే రెండోవాళ్లు మొదటివాళ్ల రెజ్యూమె చెరిపేస్తారు. ఓటీపీ తర్వాత "ఎవరు?" అని పేర్లు చూపించండి, పుట్టిన సంవత్సరం అడగండి. రీఛార్జి లేక పోయిన నంబరు ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు కూడా ఇదే కాపాడుతుంది. ఆధార్ కాపీ అప్‌లోడ్ మాత్రం వద్దు, ఉద్యోగం చూపించడానికి దాంతో పనేంటి?

పటమట_యూఎక్స్
సరే, మధ్యే మార్గం చెప్తాను. అభ్యర్థులకి సైటు. లాగిన్ లేకుండానే ఉద్యోగం కార్డు మొత్తం కనపడాలి, గడువు తేదీ దాటితే దానంతటదే దిగిపోవాలి. ఊళ్లు తిరిగే కౌన్సిలర్లకి మాత్రం చిన్న యాప్, సిగ్నల్ లేకపోయినా వివరాలు ఎక్కించుకుని తర్వాత పంపుకునేలా. స్టోర్ లిస్టింగ్ తీయొద్దు. పాత యాప్‌కి ఒక్క ఆఖరి అప్‌డేట్ ఇచ్చి, తెరవగానే "మేం డబ్బు అడగం, ఇక సైటులో చూడండి" అని ఒక తెర పెట్టండి.

బ్రాడీపేట_4బై14
కౌన్సిలర్లకి కూడా సైటు చాలు, ఆఫ్‌లైన్ ఫారం సర్వీస్ వర్కర్‌తో (నెట్ లేకపోయినా సైటుని నడిపే బ్రౌజర్ స్క్రిప్టు) అవుతుంది. ఆఖరి అప్‌డేట్ సంగతి మంచిదే. కానీ దానికి పాత సైనింగ్ కీ (అప్‌డేట్ అసలు యాప్ వాళ్లదేనని రుజువు చేసే డిజిటల్ ముద్ర) కావాలి. కట్టినవాళ్ల దగ్గర్నుంచి ఆ కీ ఉండే కీస్టోర్ ఫైలు తీసుకున్నారా?

కృష్ణలంక_డెవ్
ఫైలుంది. పాస్‌వర్డ్ లేదు.

గుంటూరు_క్యూఏ
ప్లే కన్సోల్ (ప్లే స్టోర్ డెవలపర్ ఖాతా పేజీ) తెరిచి యాప్ సైనింగ్ గూగుల్ దగ్గరుందేమో చూడండి. ఉంటే అప్‌లోడ్ కీ మార్చమని అడగొచ్చు. లేకపోతే ఆ యాప్‌కి ఇక అప్‌డేట్ అన్నదే ఉండదు, కొత్త ప్యాకేజీ పేరుతో మొదట్నుంచీ రావాలి.

కృష్ణలంక_డెవ్
కన్సోల్ లాగిన్ కోశాధికారి గారి పాత మెయిల్‌లో ఉందంట. సోమవారం ఆయన్ని పట్టుకుంటాను.