అప్‌డేట్: హాన్‌బరీ వీధి హత్యలో ఎవరి టైము నమ్మాలి?

లండన్‌లో 1888 సెప్టెంబరు 8న జరిగిన ఆనీ చాప్‌మన్ హత్యలో (జాక్ ద రిప్పర్ చేశాడంటారు) సాక్షులు చెప్పిన టైములు ఒకదానికొకటి పొసగడం లేదు, ఎవరిది నమ్మాలని ఇంతకుముందు ఓ పోస్టులో అడిగాను. దానికి విజయనగరం మిత్రులు చెప్పినట్టే ప్రతి టైము పక్కనా అది ఆ సాక్షికి ఎలా తెలిసిందో రాశాను. చిక్కు చాలావరకు అక్కడే విడింది.

ఎలిజబెత్ లాంగ్ అనే సాక్షి ఉదయం 5.30కి ఆనీని ఓ మగాడితో చూశానంది. ఆధారం బ్రూవరీ (బీరు తయారయ్యే చోటు) గడియారం గంట. హత్య జరిగిన పెరటికి పక్కింట్లో ఉండే కడోష్ 5.20 దాటాక కంచెకి ఏదో తగిలిన చప్పుడు విన్నాడు. తర్వాత అతను చర్చి గడియారం దగ్గరికొచ్చేసరికి 5.32. లాంగ్ విన్నది 5.15 గంట అయితే ఇద్దరి మాటా కలుస్తుంది. ఊహే, కానీ గట్టిది.

పోలీసు డాక్టర్ ఫిలిప్స్ 6.30కి శవాన్ని చూసి, చనిపోయి కనీసం రెండు గంటలైందన్నాడు. చలి ఉదయం, రక్తం బాగా పోయింది కాబట్టి ఒళ్లు త్వరగా చల్లబడొచ్చని ఆయనే ఒప్పుకున్నాడు. అందుకే ఆ లెక్క పక్కన పెట్టాను.

ఇక మిగిలింది ఆ ఇంట్లో ఉండే ఆవిడ కొడుకు రిచర్డ్‌సన్. 4.45 ప్రాంతంలో, తర్వాత శవం దొరికిన చోటి పక్కనే ఉన్న పెరటి మెట్టు మీద కూర్చున్నానని, అప్పుడు శవం లేదని అన్నాడు. ఇన్‌స్పెక్టర్ చాండ్లర్‌కి మాత్రం కూర్చున్న సంగతే చెప్పలేదు.