చూడని ఆటకి కామెంటరీ చెప్పడం మోసమా, కాదా?

ఓక్‌క్లిఫ్_వాసి:
డాలస్‌లో ఉన్నవాళ్లు ఓక్ క్లిఫ్ వైపు ఎప్పుడో ఒకసారి వెళ్లే ఉంటారు. 1947లో అక్కడి క్లిఫ్ టవర్స్ హోటల్ సెల్లార్‌లో గోర్డన్ మెక్‌లెండన్ కేఎల్ఐఎఫ్ అనే చిన్న ఏఎం రేడియో స్టేషన్ మొదలుపెట్టి, అక్కడ కూర్చునే బేస్‌బాల్ ఆటలకి కామెంటరీ చెప్పేవాడు. ఆటేమో ఎక్కడో చికాగోలోనో న్యూయార్క్‌లోనో. అక్కడినుంచి టెలిగ్రాఫ్‌లో పొట్టి సంకేతాలు వచ్చేవి. "ఎస్1సి" అంటే మొదటి స్ట్రైక్ (బ్యాటర్ లెక్కలో పడే తప్పు, మూడైతే ఔట్), బ్యాటర్ బ్యాట్ ఊపలేదు. చేతికొచ్చేది అంతే. పిచ్చర్ (బంతి విసిరేవాడు) టోపీ సర్దుకోవడం, జనం గోల, బ్యాట్ చప్పుడు అన్నీ స్టూడియో సరుకే. స్టేడియం మైకులో వినిపించే గొంతు కోసం ఒకణ్ని బాత్రూంలో నిలబెట్టి మాట్లాడించేవారట, గొంతు మారుమోగాలని! పైగా మెక్‌లెండన్ తను 83 ఏళ్ల "ముసలి స్కాచ్‌మన్"నని రేడియోలో చెప్పుకునేవాడు. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. దీన్నే లిబర్టీ నెట్‌వర్క్‌గా పెంచి 400 పైచిలుకు స్టేషన్లకి అందించాడు. నా లెక్కలో ఇది మోసం. మీరేమంటారు?

పాత_ట్రాన్సిస్టర్:
మోసం చాలా పెద్ద మాట సార్. ఒకసారి మ్యాపు తీయండి. అప్పుడు మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా పెద్ద బేస్‌బాల్ పోటీలో, ఉన్నవి 16 జట్లు. సెయింట్ లూయిస్ దాటి పడమటికి ఒక్కటీ లేదు. టెక్సాస్ పల్లెలో పత్తి రైతు జన్మలో స్టేడియం మొహం చూడడు. చిన్న ఊరి స్టేషన్ మనిషిని పంపలేదు, ఫోన్ లైన్ అద్దె కట్టలేదు. టెలిగ్రాఫ్ ఒక్కటే అందుబాటు. స్కోరు నిజం, ఔట్ నిజం. మధ్యలో కాస్త రంగు పూశారు. మన హరిదాసు గారు లంకకి వెళ్లొచ్చి కథ చెబుతున్నారా?

బాల్‌బై_బాల్:
హరిదాసు గారు "ఇప్పుడు నేను లంకలోనే నిలబడి ఉన్నాను" అనరు కదా మాస్టారూ.

రంగు పూయడం దగ్గర ఆగితే నాకూ పేచీ లేదు. రోనాల్డ్ రీగన్ సంగతి తెలుసుగా? తర్వాత ప్రెసిడెంట్ అయినాయనే. 1930ల్లో అయోవాలోని డీ మోయిన్‌లో డబ్ల్యూహెచ్ఓ స్టేషన్‌లో చికాగో కబ్స్ ఆటలకి ఇలాగే కామెంటరీ చెప్పేవాడు. ఒకరోజు మధ్యలో టెలిగ్రాఫ్ ఆగిపోయింది. ఏం చేయాలో తోచక బ్యాటర్ చేత ఫౌల్ మీద ఫౌల్ (గీత బయటికి పోయే దెబ్బ) కొట్టించాడు, నిమిషాల తరబడి. చివరికి లైన్ వచ్చాక చూస్తే ఆ బ్యాటర్ మొదటి బంతికే క్యాచ్ ఇచ్చి వెళ్లిపోయాడు! ఇది ఎవరో వేసిన నింద కాదు, ఆయనే నవ్వుతూ ఎన్నోసార్లు చెప్పుకున్న కథ. పడని బంతులకి కామెంటరీ. ఇది రంగా?

పాత_ట్రాన్సిస్టర్:
తీగ తెగిందంటే జనం వేరే స్టేషన్‌కి తిప్పేస్తారు. అదే ఆట ఇంకొన్ని స్టేషన్లలోనూ వస్తోంది. పాపం, ఆయన భయం అది.

బాల్‌బై_బాల్:
అంటే శ్రోత చేజారకూడదని అబద్ధం చెప్పాడు. నేనన్నదీ అదే.

సిడ్నీ_గోదారోడు:
బేస్‌బాల్ ఎందుకండీ, క్రికెట్‌లోనే జరిగింది. 1938 యాషెస్ ఇంగ్లండ్‌లో. ఇక్కడ ఆస్ట్రేలియా ప్రభుత్వ రేడియో ఏబీసీ వాళ్లు సిడ్నీ స్టూడియోలో కూర్చుని, కేబుల్‌లో వచ్చే టెలిగ్రాంలు చూసి చెప్పారు. బ్యాట్ చప్పుడుకి పెన్సిల్‌తో చెక్క మీద టక్కున కొట్టేవారు, చప్పట్లకి గ్రామఫోన్ రికార్డు. కానీ దాపరికం లేదు. వాటికి "సింథటిక్" అనే పేరే పడింది. అయినా జనం రాత్రిళ్లు మేలుకుని విన్నారు. అమెరికాలోనూ బ్రూక్లిన్ కామెంటేటర్ రెడ్ బార్బర్ టెలిగ్రాఫ్ టకటకలు మైకులో వినపడనిచ్చేవాడు, తను మైదానంలో లేనని తెలియాలని. కాబట్టి పెన్సిల్‌ని తప్పుపట్టకండి. దాచారా లేదా, అదీ చూడాల్సింది.

చిన్నోడు_2001:
బ్రో, మరి టీవీలో తెలుగు కామెంటరీ? మ్యాచ్ మెల్‌బోర్న్‌లో, మనవాళ్లు ఇండియా స్టూడియోలో తెర ముందు. అదీ మోసమేనా?

బాల్‌బై_బాల్:
వాళ్లు బంతి చూసే చెబుతున్నారు తమ్ముడూ. పైగా అదే బంతిని నువ్వూ చూస్తున్నావు. తప్పు చెబితే ఆ నిమిషంలోనే మీమ్ చేస్తారు.

ఓక్‌క్లిఫ్_వాసి:
సిడ్నీ గారి మాటతో సగం దిగాను. ఇంకో సంగతి, 1952లో లిబర్టీ మూతపడింది శ్రోతలు మోసపోయామని తిరగబడి కాదు. జట్ల యజమానులు ప్రసార హక్కులు బిగించేశారు. మెక్‌లెండన్ కోటీ ఇరవై లక్షల డాలర్లకి దావా వేసి, చివరికి 2 లక్షలకి రాజీపడ్డాడు. ఆట చూపించని మనిషిని చూసి ఆట ఆడించేవాళ్లు భయపడ్డారంటే, బాగానే చెప్పి ఉంటాడు. 83 ఏళ్ల ముచ్చట మాత్రం ఒప్పుకోను.

పాత_ట్రాన్సిస్టర్:
అదంతా సరే, బాత్రూంలో నిలబడ్డవాడికి జీతం ఇచ్చారో లేదో ముందు కనుక్కోండి.