అయిదు సెంట్ల జాగాలో మియావాకీ అడవి: వేద్దామా, వద్దా?

సర్జాపుర వాసి:
అందరికీ నమస్కారం. బెంగళూరులో మా లేఅవుట్ వెనక అయిదు సెంట్లు ఖాళీగా ఉంది. మియావాకీ పద్ధతిలో చదరపు మీటరుకు మూడు మొక్కల చొప్పున దట్టంగా వేద్దామని అసోసియేషన్‌లో సగం మంది పట్టుబడుతున్నారు. లెక్కేస్తే ఆరొందల మొక్కలు. మిగతావాళ్లు పది చెట్లు చాలంటున్నారు. ఆదివారం మీటింగ్. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి అమ్మాయి:
వేయండి అండీ, ఆలోచించకండి. ఈ పద్ధతి కనిపెట్టిన జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ గారు జపాన్ చెట్లే వేయమని ఎక్కడా అనలేదు. వాళ్ల గుడి తోపుల్లో మిగిలిన పాత చెట్లను చూసి, ఏ నేలకు ఆ నేల సొంత చెట్లే నాటమన్నారు. మన ఊళ్లలో అమ్మవారి తోపును ఎవరూ నరకరు చూడండి, అలాంటిదే. మారేడుమిల్లి దారిలో బండి ఆపి నిలబడితే పది అడుగుల లోపల గాలే మారిపోతుంది. ఆ చల్లదనం దట్టంగా ఉన్న ఆకుది. ఈ కాంక్రీటు మధ్య మన పిల్లలకు అది కావాలి.

నల్లమలోడు:
చెల్లెమ్మా, సొంత చెట్లన్న మాట దగ్గర నీతో తగువు లేదు. తగువంతా ఆ ఆరొందల దగ్గరే. ఆ పద్ధతి పుట్టిన చోట వాన ఎంతో చూడు. టోక్యోలో ఏడాదికి సుమారు 1,500 మి.మీ., చలికాలంలో కూడా ఏ నెలా పూర్తిగా ఎండదు. బెంగళూరుకు 1,000 మి.మీ. అటూ ఇటూ. జనవరి, ఫిబ్రవరి, మార్చి సగటు మూడూ కలిపినా 50 మి.మీ. ఉండదు. అప్పుడు ఆరొందల వేర్లు ఒకే తడి కోసం కొట్టుకోవాలి.

మాది ఆత్మకూరు. మార్చిలో శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే కొండంతా మోడులే. అడవి చచ్చిపోయిందని చిన్నప్పుడు ఏడుపొచ్చేది. తర్వాత తెలిసింది, ఆకంటే నీళ్లు బయటికి పోయే దారి, ఎండాకాలానికి చెట్టే ఆ దారి మూసుకుంటుందని. చలిదేశాల్లో మేపుల్, ఓక్ కూడా ఆకు రాలుస్తాయి. అక్కడ పగలు కురచవుతుంటే చెట్టు పసిగట్టి, నేల గడ్డకట్టేలోపే ఆకు విడిచేస్తుంది. మన బూరుగు, మోదుగ విడిచేది నీళ్లు లేక. పడమటి కనుమల్లోని ఆగుంబెలాంటి వానాడవిలో ఏటా 7,000 మి.మీ. పైగా కురుస్తుంది, అక్కడ ఏడాది పొడుగునా పచ్చగా ఉండొచ్చు. ఆ పచ్చదనం ఇక్కడ కావాలంటే బోరు తోడి పెట్టాల్సిందే.

రాలిన ఆకు ఏమవుతుందో చూద్దామని పోయిన ఫిబ్రవరిలో మా వీధి చివర కానుగ కింద చేత్తో ఆకులు తీసి చూశాను. పైపొర గలగలమంది. దాని కింద ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా అయిన ఆకులు. ఇంకా కింద వేలికి చల్లగా తగిలే నల్లటి మట్టి, చుట్ట చుట్టుకున్న రోకలిబండ పురుగు. రెండడుగుల అవతల రోజూ ఊడ్చే చోట గోరు కూడా దిగలేదు.

గోదారి అమ్మాయి:
అన్నా, బాగా చెప్పారు. కానీ మీ పది చెట్లు నీడ ఇవ్వడానికి పదేళ్లు పడుతుంది. మా అబ్బాయికి ఇప్పుడు ఆరేళ్లు. నీళ్లంటారా, ఎస్టీపీలో శుద్ధి చేసిన మురుగునీళ్లు చాలా లేఅవుట్లలో ఉన్నాయి, రోజూ కాలవలోకి వదిలేస్తున్నారు. అవి మొక్కలకు పోస్తే తప్పేంటి?

హెచ్ఎస్ఆర్ మిత్ర:
మేము మియావాకీ అడవి వేశాం కాబట్టి చెప్తున్నా. మొదటి రెండేళ్లు ముచ్చటగా ఉంది. నాలుగో ఏడు చూస్తే అన్నీ వెలుతురు కోసం పైకి పాకి కర్రల్లా సన్నగా ఉన్నాయి. జోరుగా ఎదిగే రెండు మూడు రకాలు మిగతావాటిని మింగేశాయి. 2024 మార్చిలో తోటలకు తాగునీళ్లు పోస్తే 5,000 జరిమానా అన్నారు, మాకు ఎస్టీపీ నీళ్లు కూడా చాలలేదు. మేడమ్ అన్నట్టు నీళ్లు మిగిలే చోట లెక్క వేరే కావచ్చు.

ఇంకొకటి. పరదేశం చెట్టంటేనే చెడ్డదని కూడా అనొద్దు. గుల్‌మొహర్ మడగాస్కర్‌లో ఎండాకాలం ఆకు రాల్చే అడవుల చెట్టు. మన రోడ్ల మీద గులాబీ రంగు పూసే టబెబూయా మధ్య అమెరికా వైపుది, అక్కడా వానలేని నెలలున్నాయి. అందుకే ఈ ఊళ్లో నిలబడ్డాయి. చూడాల్సింది దేశం కాదు, వాన తీరు.

నల్లమలోడు:
నాకూ అదే కావాలి. చెల్లెమ్మా, నీ పిల్లాడి సంగతి నేను కొట్టిపారేయడం లేదు. ఎస్టీపీ నీళ్లు మొదటి రెండు వేసవులూ పోయండి, తప్పులేదు. కానుగ, నేరేడు, రేల, వేప పదిహేను అడుగుల ఎడంతో వేయండి. నడుమ తంగేడు, వావిలి పెట్టుకుంటే రెండో ఏడుకే పిల్లలు దూరి ఆడుకునేంత గుబురు వస్తుంది. గుంతలు మేలో తవ్వి, జూన్ వాన పడ్డాక నాటండి. ఒక్కటి మాత్రం బతిమాలి అడుగుతున్నా, రాలిన ఆకు ఊడ్చి కాల్చకండి. అదే దాని దుప్పటి.

సర్జాపుర వాసి:
మా దగ్గర రోజూ పొద్దున ఆరింటికల్లా ఆకులన్నీ నల్ల కవర్లలో కట్టి గేటు దగ్గర పెట్టేస్తారు. ఆ ఊడ్చే కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతోంది. ఆదివారం మొక్కల కంటే ముందు దాని మాటే ఎత్తుతాను.